న్యాయవాది న్యాయమూర్తి అయ్యే దారులు

భారతదేశంలో న్యాయవాదికి న్యాయపీఠం మీద చోటు నాలుగు స్థాయుల్లో దొరుకుతుంది. అట్టడుగున జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగం, దాని పైన జిల్లా జడ్జి పదవి, ఆ పైన హైకోర్టు, చివరికి సుప్రీంకోర్టు. మొదటి రెండింటికి నోటిఫికేషన్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. తర్వాతి రెండింటికి దరఖాస్తు అంటూ లేదు. ఆ స్థాయిలో పేరును ఇతరులు ప్రతిపాదించాలి, ఇంకొందరు ఒప్పుకోవాలి, రాష్ట్రపతి సంతకం చేయాలి. న్యాయవ్యవస్థ మీద సాగే చర్చ అంతా ఈ ఎంపిక చుట్టూనే తిరుగుతోంది. ఎంపికైన న్యాయవాది న్యాయమూర్తిగా ఎలా తయారవుతాడన్న ప్రశ్నకు మాత్రం దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు.

హైకోర్టులు ఏర్పడిన నాటి నుంచీ ఈ పదవులకు రెండు వర్గాలు పోటీపడుతూ వచ్చాయి. 1861 నాటి హైకోర్టుల చట్టం న్యాయమూర్తుల్లో కనీసం మూడోవంతు బారిస్టర్లు, మరో మూడోవంతు సివిల్ సర్వీసు అధికారులు ఉండాలని నిర్దేశించింది. మిగిలిన చోటులోనే హైకోర్టు ప్లీడర్లు, కింది కోర్టుల అధికారులు సర్దుకోవాలి. మద్రాసు హైకోర్టులో నియమితుడైన తొలి భారతీయ న్యాయమూర్తి టి.ముత్తుస్వామి అయ్యర్ కింది కోర్టుల కొలువు నుంచి వచ్చినవారే. 1935 చట్టం ఈ వాటాలను తీసేసింది. రాజ్యాంగం 217వ అధికరణలో రెండే అర్హతలు మిగిల్చింది: పదేళ్లు న్యాయాధికారిగా పనిచేయడం, లేదా పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగా ఉండడం. ఆచరణలో హైకోర్టు పదవుల్లో మూడింట రెండువంతులు బార్‌కు, ఒకవంతు జిల్లా న్యాయవ్యవస్థకు అన్న లెక్క స్థిరపడింది.

అట్టడుగు మెట్టు దగ్గర వివాదం చాలాకాలంగా ఒక్కటే. కోర్టులో కొన్నాళ్లు వాదించిన అనుభవం లేని యువకుణ్ణి తీర్పరిగా కూర్చోబెట్టవచ్చా? అఖిల భారత న్యాయాధికారుల సంఘం కేసులో 1993లో సుప్రీంకోర్టు కూడదంది, మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. మూడేళ్లు ప్రాక్టీసులో నిలదొక్కుకున్న చురుకైనవారు ఇటువైపు రావడం లేదన్న, న్యాయాధికారుల జీతభత్యాలు పరిశీలించిన శెట్టి కమిషన్ అభిప్రాయంతో 2002లో ఆ షరతు తొలగిపోయింది. లా కాలేజీ నుంచి నేరుగా పరీక్ష రాసి జడ్జీలైన తరం ఒకటి అలా తయారైంది. 2025 మే 20న అదే కోర్టు మళ్లీ వెనక్కి వచ్చి మూడేళ్ల షరతును పునరుద్ధరించింది. న్యాయవాదిగా తాత్కాలికంగా నమోదైన రోజు నుంచి ఈ కాలాన్ని లెక్కిస్తారు. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి, దాన్ని స్థానిక న్యాయాధికారి ఆమోదించాలి. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన పని కూడా లెక్కకు వస్తుంది.

ఈ పునరుద్ధరణలో న్యాయం ఉంది. సాక్షి ఎందుకు తడబడతాడో, వాయిదా పడితే పల్లె నుంచి వచ్చిన కక్షిదారుకు ఎన్ని కూలి రోజులు పోతాయో పుస్తకం చెప్పదు. కానీ దీనికో ధర ఉంది. జూనియర్ న్యాయవాదికి మొదటి ఏళ్లలో వచ్చే రాబడి చాలా తక్కువ. జిల్లా కేంద్రంలో గది అద్దెకు తీసుకొని, సీనియర్ ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో మూడేళ్లు నెట్టుకు రావడం పేద ఇంటి పిల్లలకు, ముఖ్యంగా అమ్మాయిలకు చిన్న పరీక్ష కాదు. ఆ మూడేళ్లకు ఆర్థిక ఆసరా ఏర్పాటు చేయకుండా అనుభవాన్ని మాత్రమే అడగడం సగం సంస్కరణే. ఉద్యోగంలో చేరాక పరిస్థితి మెరుగు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, తెలుగువాడైన జస్టిస్ పి.వెంకటరామరెడ్డి నాయకత్వంలోని రెండో జాతీయ న్యాయాధికారుల వేతన కమిషన్ జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం రూ.77,840తో మొదలు కావాలని సిఫార్సు చేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ వేతనాలను అమలు చేయమని ఆదేశించింది.

జిల్లా జడ్జి పదవుల్లో 25 శాతం నేరుగా బార్ నుంచి భర్తీ చేస్తారు. 233వ అధికరణ ప్రకారం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఈ చిన్న అధికరణ మీద నడిచినన్ని వ్యాజ్యాలు న్యాయసేవలకు సంబంధించిన మరే నిబంధన మీదా నడిచి ఉండవు. 1966లో చంద్రమోహన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఇచ్చిన తీర్పు వీటికి పునాది. ఉత్తరప్రదేశ్‌లో కార్యనిర్వాహక శాఖ అధికారులను జిల్లా జడ్జీలుగా తీసుకునే నిబంధనలను ఆ తీర్పు కొట్టివేసింది. న్యాయసేవ అంటే న్యాయాధికారులదే, ప్రభుత్వ అధికారులకు అందులో అడ్డదారి లేదని తేల్చింది. 2013లో దీపక్ అగర్వాల్ కేసు పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, ప్రభుత్వ ప్లీడర్లు ప్రభుత్వ జీతం తీసుకుంటున్నా న్యాయవాదులేనని స్పష్టం చేసింది.

ఇంకో చిక్కు మిగిలింది. కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి జూనియర్ సివిల్ జడ్జి అయిన మనిషి బార్ కోటాలో జిల్లా జడ్జి పరీక్ష రాయవచ్చా? 2020లో ధీరజ్ మోర్ కేసులో రాయకూడదన్నారు. తనకన్నా ఆలస్యంగా వృత్తిలోకి వచ్చిన న్యాయవాది ఒక్క పరీక్షతో తన పై అధికారిగా వచ్చి కూర్చుంటే, కోర్టు హాల్లో ఏళ్ల తరబడి తీర్పులు రాసిన అధికారి చూస్తూ ఉండాలన్నమాట. 2025 అక్టోబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం రెజనీష్ కేసులో ఆ తీర్పును తిరగరాసింది. న్యాయవాదిగా, న్యాయాధికారిగా కలిపి ఏడేళ్ల అనుభవం ఉంటే చాలంది. 35 ఏళ్ల కనీస వయసు పెట్టింది. మిగతా 75 శాతం పదవులు పదోన్నతితోనూ, న్యాయాధికారులకే పరిమితమైన పోటీపరీక్షతోనూ నిండుతాయి.

హైకోర్టు దగ్గరికి వచ్చేసరికి దారి స్వభావమే మారిపోతుంది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు కలిసి పేర్లు ఎంచుతారు. ఆ పేర్లు ముఖ్యమంత్రి, గవర్నర్ల అభిప్రాయాలతో కేంద్ర న్యాయశాఖకు వెళ్తాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో ఆరా తీస్తుంది. సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్లతో కూడిన కొలీజియం పరిశీలిస్తుంది. అక్కడ ఆమోదం దొరికితే కేంద్రం ద్వారా రాష్ట్రపతికి చేరుతుంది. కేంద్రం ఒక పేరును తిప్పి పంపవచ్చు. కొలీజియం రెండోసారి అదే పేరు పంపితే నియమించక తప్పదని 1993 నాటి తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పు చెబుతోంది.

అసలు ఒక న్యాయవాది పేరు ఎలా తెలుస్తుంది? వాదనలో కనిపించాలి, రోజూ కనిపించాలి, వేర్వేరు బెంచీల ముందు కనిపించాలి. అందుకే ప్రభుత్వ ప్లీడరు పదవి తెలుగునాట హైకోర్టు పీఠానికి వాకిలిలా పనిచేసింది. ఒ.చిన్నపరెడ్డి 1967లో న్యాయమూర్తి అయ్యే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్. బి.సుదర్శన్‌రెడ్డి హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా పనిచేసి 1995లో అక్కడే న్యాయమూర్తి అయ్యారు. ఎన్.వి.రమణ 2000లో న్యాయమూర్తి అయ్యేనాటికి అదనపు అడ్వొకేట్ జనరల్. ప్రభుత్వ న్యాయవాది భూసేకరణ నుంచి సర్వీసు తగాదాల దాకా అన్నిరకాల కేసులూ చూస్తాడు. రోజుకు పదుల సంఖ్యలో ఫైళ్లతో కుస్తీ పడతాడు. ఆ విస్తృతి న్యాయమూర్తికి నిజంగా పనికొస్తుంది. మరోవైపు, ఆ పదవుల్లో నియామకం అధికారంలో ఉన్న పార్టీ చేతిలో ఉంటుంది. ఆ వాకిలి దాకా చేరలేని ప్రతిభావంతులు, ముఖ్యంగా జిల్లా కోర్టుల్లో తెలుగులో అద్భుతంగా క్రాస్ ఎగ్జామినేషన్ చేసే న్యాయవాదులు, హైకోర్టు న్యాయమూర్తుల కంట పడడం అరుదు. ఈ లోటు తీరాలంటే వెతికే కళ్లు హైకోర్టు ప్రాంగణం దాటి జిల్లాలకు చేరాలి.

పేరు పంపే ముందు న్యాయవాది సమ్మతి అడుగుతారు. సమ్మతి ఇచ్చాక ఎన్నాళ్లు ఆగాలో ఎవరూ చెప్పరు. ఈలోగా పెద్ద కేసులు తీసుకోవడానికి వెనుకాడాలి, కక్షిదారులు వేరే న్యాయవాదిని చూసుకుంటారు. ఢిల్లీ హైకోర్టుకు సౌరభ్ కిర్పాల్ పేరు 2017లో మొదలై, 2021లో సుప్రీంకోర్టు కొలీజియం ఆమోదం పొంది, 2023 జనవరిలో మళ్లీ పంపినా నియామకం జరగలేదు. కర్ణాటక సీనియర్ న్యాయవాది ఆదిత్య సోంధీ రెండోసారి సిఫార్సు తర్వాత కూడా ఎదురుచూపు తప్పక 2022లో సమ్మతి వెనక్కి తీసుకున్నారు. సుప్రీంకోర్టుకే 2014లో సిఫార్సు అయిన గోపాల్ సుబ్రమణ్యం పేరును కేంద్రం మిగతావాటి నుంచి విడదీయడంతో ఆయన తప్పుకున్నారు. సమర్థులైన న్యాయవాదులు ముందే వద్దనడానికి ఈ అనిశ్చితి పెద్ద కారణం.

ఈ పద్ధతిని మార్చాలని పార్లమెంటు చేసిన ప్రయత్నం జాతీయ న్యాయ నియామకాల కమిషన్. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు నలుగురి ఆధిక్యంతో దాన్ని కొట్టివేసింది. ఒక్కరే విభేదించారు, ఆయన కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియం పనితీరు బయటికి కనిపించడం లేదన్నది ఆయన అభ్యంతరం. తనే కొలీజియం సభ్యుడయ్యాక చర్చలు కాగితం మీద నమోదు కావాలని పట్టుబట్టారు. ఆ తర్వాతే 2017 అక్టోబరు నుంచి తీర్మానాలను బయటపెట్టడం మొదలైంది. ఆనాడు ఒంటరిగా మిగిలిన అభిప్రాయంలో ఎంత నిజముందో తర్వాతి ఏళ్లు చూపించాయి.

హైకోర్టు న్యాయమూర్తి ఎంత ఎత్తుకు వెళ్తాడన్నది ప్రతిభ కన్నా ఎక్కువగా ప్రమాణం చేసిన నాటి వయసు తేలుస్తుంది. హైకోర్టులో పదవీ విరమణ వయసు 62, సుప్రీంకోర్టులో 65. సీనియారిటీ ప్రమాణం చేసిన రోజు నుంచే మొదలవుతుంది. రమణ 42 ఏళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 2013లో ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, 2014లో సుప్రీంకోర్టుకు, 2021 ఏప్రిల్ 24న భారత ప్రధాన న్యాయమూర్తి పీఠానికి చేరుకున్నారు. ఆయనకు ముందు ఆ పీఠం ఎక్కిన తెలుగువాడు సుబ్బారావు ఒక్కరే. సుబ్బారావు రాజమహేంద్రవరంలో పుట్టి, మద్రాసులో ప్రాక్టీసు చేసి, 1948లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, 1958లో సుప్రీంకోర్టు చేరారు.

కింది కోర్టుల నుంచి వచ్చినవారికి ఈ కాలం చిక్కదు. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవారు ఒక్కొక్క మెట్టూ ఎక్కి హైకోర్టు చేరేసరికి యాభై అయిదు దాటుతుంది. ఇక మిగిలేది అయిదారేళ్లు. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ 1958లో అట్టడుగు సివిల్ జడ్జి అయిన మున్సిఫ్‌గా చేరి, 1974లో జిల్లా జడ్జి అయి, 1983లో కేరళ హైకోర్టు చేరారు. 1989లో ఆమెను సుప్రీంకోర్టుకు తీసుకునే నాటికి హైకోర్టు నుంచి విరమణ కూడా అయిపోయింది. అలాంటి ప్రయాణం మినహాయింపే తప్ప మామూలు సంగతి కాదు. 42వ సవరణ 1976లో వీలు కల్పించిన అఖిల భారత న్యాయసేవ ఏర్పడి ఉంటే ఈ తేడా కొంత తగ్గేదేమో, అది మాత్రం ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

న్యాయవాది హైకోర్టును దాటి సూటిగా సుప్రీంకోర్టులోకి రావడానికి 124వ అధికరణ అనుమతిస్తుంది. 1964లో ఎస్.ఎం.సిక్రీ అలా వచ్చిన మొదటివారు. 1971లో ప్రధాన న్యాయమూర్తి అయి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని తేల్చిన కేశవానంద భారతి కేసు విన్న 13 మంది ధర్మాసనానికి నాయకత్వం వహించారు. ఆ తర్వాత చాలాకాలం ఈ దారి దాదాపు మూసుకుపోయింది. 2014 నుంచి మళ్లీ తెరుచుకుంది. రోహింటన్ నారిమన్, యు.యు.లలిత్, ఎల్.నాగేశ్వరరావు, ఇందూ మల్హోత్రా, పి.ఎస్.నరసింహ, కె.వి.విశ్వనాథన్ ఇలా వచ్చినవారు. వీరిలో ఇద్దరు తెలుగువారు. నాగేశ్వరరావు 1982లో గుంటూరు జిల్లా కోర్టులో మొదలుపెట్టి, హైదరాబాద్ హైకోర్టులో, 1994 చివరి నుంచి ఢిల్లీలో ప్రాక్టీసు చేసి 2016 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. జిల్లా కోర్టు అనుభవం ఉన్న మనిషి నేరుగా అత్యున్నత పీఠానికి చేరడం ఎంతో విలువైన విషయం. 2021లో ప్రమాణం చేసిన నరసింహ సీనియారిటీ లెక్కన 2027లో భారత ప్రధాన న్యాయమూర్తి కావలసి ఉంది.

మహిళల విషయంలో ఈ దారులన్నీ ఇరుకే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తిగా కె.అమరేశ్వరి 1978లో వచ్చారు. 1950 నుంచి 2021 దాకా సుప్రీంకోర్టులో చేరిన మహిళలు 11 మంది. వారిలో బార్ నుంచి నేరుగా వచ్చింది ఇందూ మల్హోత్రా ఒక్కరే. పరీక్ష ఉన్న కింది కోర్టుల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో గెలుస్తున్నారు. పరీక్ష లేని చోట, పరిచయాలూ కనిపించడాలూ లెక్కకొచ్చే చోట వెనకబడుతున్నారు. దళిత, ఆదివాసీ న్యాయవాదులకూ ఇదే అడ్డంకి. లోపం వారి సామర్థ్యంలో లేదు, వెతికే పద్ధతిలో ఉంది.

ప్రమాణం చేసిన రోజు నుంచి జీవితం మారుతుంది. హైకోర్టు న్యాయమూర్తి జీతం 2016 నుంచి నెలకు రూ.2.25 లక్షలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తిది రూ.2.50 లక్షలు. పేరున్న సీనియర్ న్యాయవాదికి ఇది పాత రాబడిలో చిన్న భాగం. 222వ అధికరణ కింద ఏ రాష్ట్రానికైనా బదిలీ చేయవచ్చు. 1997లో సుప్రీంకోర్టు ఆమోదించిన న్యాయజీవన విలువల ప్రకటన మరికొన్ని హద్దులు గీసింది. బార్ సభ్యులతో సన్నిహిత సంబంధాలు వదులుకోవాలి. దగ్గరి బంధువులు తన ముందు వాదించకూడదు. ఇంట్లో ఉండే కుటుంబ సభ్యుడు న్యాయవాది అయితే ఆ ఇంటిని వృత్తికి వాడుకోకూడదు. పాతికేళ్లు కోర్టు క్యాంటీన్‌లో కలిసి కాఫీ తాగిన స్నేహితులకు దూరం జరగాలి. ఈ ఒంటరితనం గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ నిష్పాక్షికతకు అది చెల్లించక తప్పని మూల్యం. పింఛను విషయంలోనూ బార్ నుంచి వచ్చినవారు చాలాకాలం నష్టపోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి పి.రామకృష్ణంరాజు వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు పదేళ్ల ప్రాక్టీసును పింఛను సర్వీసులో కలపమంది. 2025 మేలో వచ్చిన మరో తీర్పు ఏ దారిన వచ్చినా విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తులందరికీ ఏటా రూ.13.5 లక్షల సమాన పింఛను ఖాయం చేసింది.

వీటన్నిటికన్నా కఠినమైన మార్పు మనసులో జరగాలి. న్యాయవాది ఒక పక్షాన్ని నమ్మి, దానికి బలమిచ్చే వాస్తవాలను ముందుకు తెచ్చి, బలహీనతలను వెనక్కి నెడతాడు. న్యాయమూర్తి రెండు పక్షాల బలాన్నీ ఒకే తీరుగా చూడాలి. జవాబు తట్టినా నోరు మెదపకుండా వినాలి. వాదనలో అందెవేసిన చేయి అయినవారు పీఠం మీద కూర్చొని ఎదుటి న్యాయవాదితో వాదానికి దిగడం ఈ మార్పు పూర్తికాలేదనడానికి గుర్తు. ఇంతటి మార్పుకు మన వ్యవస్థ ఇచ్చే సాయం తలకిందులుగా ఉంది. జూనియర్ సివిల్ జడ్జికి పీఠం ఎక్కే ముందు ఏడాది శిక్షణ ఉంటుంది. హైకోర్టుకు వచ్చిన న్యాయవాదికి భోపాల్ జాతీయ న్యాయ అకాడమీలో కొద్దిరోజుల పరిచయ తరగతులే గతి. ప్రాక్టీసంతా సివిల్ కేసుల్లోనే గడిపినవారు హఠాత్తుగా యావజ్జీవ శిక్షల అప్పీళ్లు వినవలసి వస్తుంది. ఎంత పెద్ద అధికారమో అంత చిన్న శిక్షణ అన్నట్టు తయారైన ఈ ఏర్పాటు మారాలి. 224వ అధికరణ కింద మొదట రెండేళ్ల దాకా అదనపు న్యాయమూర్తిగా నియమించడం పెండింగు కేసుల కోసం ఉద్దేశించినది. అనుభవమున్న న్యాయమూర్తి పక్కన ద్విసభ్య ధర్మాసనంలో కూర్చోబెట్టి, సివిల్, క్రిమినల్, రాజ్యాంగ విభాగాల్లో తిప్పితే ఆ రెండేళ్లే మంచి శిక్షణాకాలం కాగలవు. కొన్ని హైకోర్టుల్లో ఇది కొంతవరకు జరుగుతోంది, అందరికీ నియమంగా మాత్రం లేదు.

తీర్పు రాయడం వేరే విద్య. న్యాయవాది రాసే పిటిషన్ న్యాయమూర్తిని ఒప్పించడానికి. తీర్పు చదివేవాళ్లలో ముఖ్యుడు ఓడిపోయిన కక్షిదారు. తన మాట కోర్టు విన్నదని, అయినా ఎందుకు చెల్లలేదని అతనికి అర్థం కావాలి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కక్షిదారు తన భాషలో తన ఓటమికో గెలుపుకో కారణం చదువుకోగలగడం న్యాయం పొందడంలో భాగమే. తెలుగు కోర్టుల్లో ఇది విశేషవార్త కావడమే విచారించదగ్గ సంగతి.

న్యాయవాది న్యాయమూర్తిగా మారడాన్ని ఇతర దేశాలు వేర్వేరుగా సంభాళించాయి. ఇంగ్లండులో న్యాయవాది రికార్డర్‌గా ఏడాదిలో కొన్ని వారాలు కేసులు విని, మిగతా కాలం ప్రాక్టీసు చేసుకోవచ్చు. పీఠం తనకు సరిపడుతుందో లేదో ముందే తెలుస్తుంది. 2006 నుంచి అక్కడి నియామకాల కమిషన్ ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు తీసుకొని ఎంచుతుంది. ఫ్రాన్సులో న్యాయమూర్తుల వృత్తి మొదటి నుంచీ వేరు, బోర్డో నగరంలోని జాతీయ పాఠశాల వారిని తయారుచేస్తుంది. అమెరికా ఫెడరల్ కోర్టులకు అధ్యక్షుడు నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదించాలి. చాలా రాష్ట్రాల్లో న్యాయమూర్తులు ఎన్నికల్లో నిలబడతారు. విజయవాడలో పుట్టిన జయ బాదిగ కుటుంబ న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి, కోర్టు కమిషనర్‌గా పనిచేసి, 2024లో కాలిఫోర్నియా గవర్నర్ నియామకంతో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తి అయ్యారు. వీటిలో ఇంగ్లండు పద్ధతి మన బార్‌కు దగ్గరగా ఉంది. పీఠానికి తగినవారిని ముందే పరీక్షించుకునే వీలు అందులో ఉంది.

పదవీ విరమణ తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదు. హైకోర్టు శాశ్వత న్యాయమూర్తి తాను పనిచేసిన హైకోర్టులోనూ, దేశంలోని ఏ కింది కోర్టులోనూ వాదించకూడదు. సుప్రీంకోర్టు, ఇతర హైకోర్టులు తెరిచే ఉంటాయి. అందుకే విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తులు కొందరు ఢిల్లీలో మళ్లీ నల్లకోటు వేసుకుంటారు, ఎక్కువమంది మధ్యవర్తిత్వ కేసులు, ట్రిబ్యునళ్లు, కమిషన్ల వైపు వెళ్తారు. సుబ్బారావు 1967లో పీఠం వదిలి రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్ మీద పోటీచేసి ఓడిపోయారు. 224ఎ అధికరణ విశ్రాంత న్యాయమూర్తులను మళ్లీ హైకోర్టు పీఠానికి పిలిచే వీలిచ్చినా, దాన్ని వాడిన సందర్భాలు చాలా తక్కువ. పేరుకుపోయిన క్రిమినల్ అప్పీళ్లు తేల్చడానికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియామకాల షరతులను సడలించింది.